చూపుడువేలి పథ్యం

ఆ బైండింగ్ షాపులో ఆమె చోటు కిటికీ పక్క బల్ల. పొద్దుటి వెలుతురు మొట్టమొదట దాని మీదే పడుతుంది కాబట్టి కుట్టుపని అక్కడే జరగాలని, షాపు నడిపే ఇప్పటి మేస్త్రిగారి తండ్రి కాలంలోనే తేలిపోయింది. నిలువు చట్రానికి తాళ్ళు బిగించి ఉంటాయి. అచ్చయి వచ్చిన ఫారాలను, అంటే మడతపెట్టిన పుటల కట్టలను, తడి వేలితో ఒక్కొక్కటిగా విడదీసి, మూలలు సరిచూసి, మడత నడుమ సూది గుచ్చి, తాడు చుట్టూ తిప్పి మళ్ళీ లోపలికి లాగుతుంది. చూసేవాళ్ళకు సూది కనపడదు. దారం దానంతటదే నడుచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. పెళ్ళికి ముందెప్పుడో ఆ బల్ల దగ్గర కూర్చున్న పిల్ల, తల సగం నెరిసినా అక్కడి నుంచి లేవలేదు. అసలు పేరు ఏదో ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. షాపులోనే కాదు, వీధిలోనూ ఆమె సూదక్కే.

కుట్టడంతో ఆమె పని అయిపోదు. కుట్టిన పుస్తకం వెన్నుకు పేస్టు పూయాలి, బట్ట అంటించాలి, అట్ట కట్టాలి. షాపు వెనక చిన్న స్టవ్ మీద రోజూ పొద్దున్నే మైదా పేస్టు ఉడుకుతుంది. ఏ రోజుది ఆ రోజే. ఆ గిన్నెలోంచి వచ్చే వాసనకే ఆమెకు పని చెయ్యబుద్ధేసేది.

అలాంటి మనిషికి ఒంట్లో బాగోకుండా పోయింది. తిన్నది తిన్నట్టు పోయేది. ముందు నీళ్ళ మార్పు అనుకున్నారు, తర్వాత దిష్టి అన్నారు, ఆ తర్వాత వయసు మీద పడుతోందన్నారు. జాకెట్లు వదులయ్యాయి. మేడ మెట్లు ఎక్కితే సగంలో కూర్చోవలసి వచ్చేది. ఊళ్ళో ఉన్న టానిక్కులన్నీ తాగినా నెత్తురు మాత్రం పట్టలేదు. చివరికి పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, గొంతులోంచి గొట్టం వేసి చిన్నపేగు లోంచి చిన్న ముక్క తీసి చూశారు. చిన్నపేగు లోపల మెత్తటి నూగు ఉంటుందని, తిన్నదాంట్లో సారాన్ని పీల్చేది అదేనని, గోధుమలో ఉండే గ్లూటెన్ ఆమె ఒంటికి పడక ఆ నూగంతా అరిగిపోయిందని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై, వీటితో చేసినవేవీ ఇక జన్మలో నోట్లో పెట్టకూడదు. మందు అదొక్కటే. అది పాటిస్తే నూగు మళ్ళీ మొలుస్తుంది.

"ఎంత తినొచ్చండీ?" అని అడిగాడు బయట బెంచీ మీద నుంచి లేచి వచ్చిన భర్త. సిటీ బస్సు డ్రైవరు. ఏ విషయానికైనా లెక్క ఉంటుందని నమ్మే మనిషి.

"సున్నా," అన్నాడు డాక్టరు.

ఆ సున్నా ఇంటికి చేరేసరికి సున్నాలా లేదు. ఇంట్లో వంటగది వదినది. వదిన అంటే భర్తకు అక్క. తమ్ముడి పెళ్ళి నాటి నుంచీ ఆ పొయ్యి దగ్గర ఇంకొకరిని నిలబడనివ్వని మనిషి. ఆవిడ నోటికి వీధిలో వాళ్ళంతా జంకుతారు, ఆవిడ వంట తినని వాళ్ళు మాత్రం వీధిలో లేరు. రొట్టె తింటే రోగం రావడమేమిటి, ఇన్నేళ్ళూ తిన్నప్పుడు ఏమైందని ముందు డాక్టర్ని ఆడిపోసుకుంది. తర్వాత ఆవిడే జాలిపడి ఒక ఉపాయం కనిపెట్టింది. రొట్టెను పెనం మీద బొగ్గులా మాడిస్తే అందులో ఉన్న చెడు కాలిపోతుందట. నల్లటి రొట్టెను పళ్ళెంలో పెట్టి మరదలి ముందు నిలబడింది. కాలితే చావడానికి అదేమీ పురుగు కాదని సూదక్క ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. "పిసరంత తింటే ఏమవుతుందే? కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే పేగే దారికొస్తుంది," అని బతిమాలింది. మరదలు తినకపోయేసరికి మొహం మాడ్చుకుని ఆ పూట తనూ తినలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, అందరికీ ఆ పథ్యం గురించి ఏదో ఒకటి తెలుసు. కింది వాటాలో ఉండే దర్జీ, సన్నబడడానికి ఇదొక కొత్త ఫ్యాషనని తీర్మానించి, తన భార్యకు కూడా ఆ పథ్యం రాయించమని అడిగాడు. వరుసకు మరిది అయ్యే అతను బియ్యం, జొన్నలు కూడా మానెయ్యాలని, గింజ అన్నదే విషమని హెచ్చరించాడు. అవి తింటే ఏమీ కాదని ఆసుపత్రిలో చెప్పారని ఎంత అన్నా, జాగ్రత్త మంచిదే కదా అన్నాడు. అందరికంటే గొప్పవాడు భర్తే. భార్యకు తోడుగా తనూ గోధుమ మానేశాడు. మానేసి, గోధుమ లేదని అట్ట మీద రాసి ఉన్న బిస్కెట్లు డబ్బాల కొద్దీ తెచ్చుకుని, అవి ఒంటికి మంచివనుకుని, స్టీరింగు ముందు కూర్చుని రోజంతా నమిలేవాడు. చక్కెరకూ నెయ్యికీ ఆ సంగతి తెలియదు కాబట్టి అవి తమ పని తాము చేసుకుపోయాయి. సీటు వెనక్కి జరిపితే తప్ప పొట్ట పట్టని రోజు వచ్చాక, జబ్బు లేనివాడికి ఈ పథ్యంతో పని లేదని ఒప్పుకున్నాడు.

సూదక్క మాత్రం నోరు కట్టుకుంది. తనకంటూ ఒక గిన్నె, ఒక పెనం, ఒక గరిటె కొనుక్కుని, గరిటె పిడికి బైండింగు దారం ఎర్రది తెచ్చి చుట్టింది. వదిన రొట్టె ముక్క తుంచిన చేత్తో దాన్ని ముట్టుకుంటే కడిగి మళ్ళీ వాడుకునేది. వదినకు అది అవమానంగా తోచింది. "నా చేతికి మైల అంటిందా?" అని కొన్నాళ్ళు మాట్లాడలేదు.

మొదట్లో కాస్త తేరుకుంది. అన్నం ఒంటబట్టింది, మెట్లు కూర్చోకుండా ఎక్కగలిగింది. ఆ తర్వాత బండి ఎక్కడో ఇసుకలో దిగబడినట్టు ఆగిపోయింది. కడుపు సగం నెమ్మదించింది, నీరసం నీరసంగానే ఉంది. అన్నిటికంటే కష్టం చెయ్యి వణకడం. సూదిలో దారం ఎక్కించడానికి ఎప్పుడూ కళ్ళతో పనిపడని మనిషి, ఇప్పుడు మూడు సార్లు గురి తప్పుతోంది. ఒకరోజు ఒక ఫారాన్ని తలకిందులుగా కుట్టేసింది. మేస్త్రిగారు దాన్ని తిప్పి చూసి, విప్పడానికి తనే కూర్చున్నాడు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

సరిగ్గా అప్పుడే నగర గ్రంథాలయం నుంచి ఆ అట్లాసు వచ్చింది. ఇద్దరు మోసుకొస్తే గానీ రాని పుస్తకం. లోపల రంగురంగుల పటాలు, ఒక్కో పటం రెండు పుటల మీద పరుచుకుని ఉంటుంది. ఎవరో ఎప్పుడో తెలివితక్కువగా మడతలోంచి కాకుండా అంచు మీదుగా పక్క కుట్టు వేయడంతో సముద్రాలూ కొండలూ అన్నీ నడుమ మడతలో మునిగిపోయాయి. వెన్ను పగిలింది. దాన్ని మొత్తం విప్పి, పూర్తిగా పరుచుకునేలా చేత్తో కుట్టాలి. ఎండాకాలంలో కొత్త పఠనమందిరం తెరిచేనాటికి అక్కడ బల్ల మీద ఉండాలి. ఆ పని వచ్చిందంటే సూదక్కకు ఏనుగెక్కినంత సంబరం కావాలి. బతుకంతా నోటు పుస్తకాలూ ఆఫీసు పద్దులూ కుట్టిన చేతికి అలాంటి పుస్తకం ఒక్కసారే దొరుకుతుంది.

మేస్త్రిగారు ఆమెను వెనక్కి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. చలికాలం వెళ్ళేలోగా చెయ్యి కుదురుకోకపోతే అట్లాసును పక్క వీధి షాపుకి పంపక తప్పదు. ఆమె వచ్చి షాపు ముందరి గల్లా దగ్గర కూర్చోవచ్చు, జీతం తగ్గించడు. ఆయనకు ఇంకో భయం కూడా పట్టుకుంది. "గోధుమే కదమ్మా నీకు పడనిది. ఈ పేస్టులో రోజంతా చేతులు ముంచుకుంటావు. చర్మంలోంచి లోపలికి పోతోందేమో. తెలిసి తెలిసి నిన్నెలా కూర్చోబెట్టను?"

 సూదక్క మర్నాడే వదినను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఆ వారం తీసిన రక్తపరీక్ష కూడా వచ్చింది. పథ్యం పనిచేస్తుంటే దిగవలసిన అంకె దిగలేదు. అక్కడ పథ్యం చెప్పే అమ్మాయి కాగితం చూసి, సూదక్క మొహం చూసింది. పేస్టు సంగతి అడిగితే, చర్మం మీద పడితే ఏమీ కాదని, గ్లూటెన్ నోటి దారినే లోపలికి పోవాలి తప్ప చేతిలోంచి ఇంకదని తేల్చి చెప్పింది. ఆ మాటకు సూదక్క ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ అమ్మాయి అక్కడితో ఆపలేదు.

"అమ్మా, ఎక్కడో నోట్లోకి పోతోంది. తెలిసో తెలియకో. ఆవగింజలో సగం అయినా రోజూ పోతే చాలు, నూగు మొలవదు. బాధ తెలియకపోయినా లోపల అరుగుతూనే ఉంటుంది. ఇంట్లో, బయటా ఒకసారి బాగా చూసుకోండి."

పక్కనే ఉన్న వదిన ఆ మాటను జాగ్రత్తగా చెంగున మూటగట్టుకుంది. ఇంటికి రాగానే విప్పింది. ఇంట్లో తన కళ్ళ ముందు పోవడం లేదు, అంటే బయటే. మరదలు షాపు నుంచి వచ్చే దారిలో ఉన్న బేకరీ ముందు అద్దాల బీరువా ఎంత పొడుగుందో ఆవిడకు తెలుసు. "చిన్నపిల్లవా దాచుకు తినడానికి? తింటే తిన్నానని చెప్పు, నేనేమన్నా కొరుక్కు తింటానా?" అని నిలదీసింది. సూదక్క ఒట్లు వేసింది. భర్త మీద, పని మీద, చివరికి చేతిలో ఉన్న సూది మీద కూడా ఒట్టు వేసింది. వదిన నమ్మలేదు. భర్త కూడా ఏమీ మాట్లాడకుండా పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనమే ఆమెను ఎక్కువ కోసింది. నోరు కట్టుకున్న మనిషిని నోరు కట్టుకోలేదంటే ఎవరికి చెప్పుకుంటుంది?

తర్వాతి రోజు మధ్యాహ్నానికి అన్నం డబ్బా పట్టుకుని వదిన షాపులో ప్రత్యక్షమైంది. దారిలో బేకరీవాణ్ణి కూడా విచారించి వచ్చింది. వాడు సూదక్క మొహం చూసి నెలలు దాటిందన్నాడు. అయినా ఆవిడ అనుమానం తీరలేదు. స్టూలు లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చుంది. వేడి తగ్గాక తినమని వంక చెప్పి, కళ్ళలో ఒత్తులు వేసుకుని మరదలి చేతులనే చూస్తూ ఉంది. సొరుగు తెరిస్తే మెడ సాచింది. మేస్త్రిగారు టీ తాగుతారా అంటే, ఇక్కడ టీతో పాటు ఏం పెడతారని అడిగింది. కుట్టేవాళ్ళు, అట్టలు కోసేవాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు.

సూదక్క పట్టించుకోలేదు. ఒక పుస్తకం వెన్నుకు పేస్టు పూసింది, వేళ్ళు గుడ్డకు తుడుచుకుంది. పక్కన ఉన్న ఫారాల దొంతరను దగ్గరకు లాక్కుంది. కుడి చూపుడువేలు నాలుకకు తాకించి మొదటి ఫారం ఎత్తింది. మళ్ళీ తాకించి రెండోది.

వదిన స్టూలు మీద నుంచి లేచింది. మెల్లగా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"దొరికావు," అంది.

సూదక్కకు అర్థం కాలేదు. వదిన ఆ వేలిని వెలుతురుకు పెట్టి చూపించింది. గోరు అంచున, గీతల నడుమ పేస్టు ఎండి తెల్లగా సన్నటి పొరలా ఉంది. గుడ్డకు ఎంత తుడిచినా పోనిది.

"ఇదేమిటే? పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైదా నాకుతున్నావు. నాకుతూ, తినలేదని ఒట్లు."

షాపులో కత్తి ఆగింది, ప్రెస్సు ఆగింది. మేస్త్రిగారు తన చూపుడువేలు తను చూసుకున్నాడు. అందరూ చూసుకున్నారు. ఆ షాపులో పుట్టి పెరిగిన అలవాటు అది. వేలు తడి చెయ్యకపోతే కాగితం విడిపోదు, తడి కోసం నాలుకను మించిన దగ్గర వస్తువు లేదు. పని నేర్చుకునేవాళ్ళకు అన్నిటికంటే ముందు వచ్చేది అదే, ఎవరూ నేర్పకుండానే. సూదక్కకు తను అలా చేస్తానని తెలుసా అని అడిగితే, ఊపిరి పీలుస్తానని తెలుసా అని అడిగినట్టే.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకోబోయి, ఏ వేలితో తుడుచుకోవాలో తెలియక ఆగిపోయింది. ఇన్ని నెలలకు ఎవరో తనని దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారు, అదే ఆమెకు వరమైంది.

ఆసుపత్రి అమ్మాయి విని కుర్చీలోంచి లేచి నిలబడింది. నూగు మొలవకుండా ఆపడానికి ఆ మాత్రం చాలు అంది. పేస్టు కోసం పొడి మైదా కలిపేటప్పుడు లేచే దుమ్ము కూడా గొంతులో పడుతుంది కాబట్టి ఆ దగ్గర నిలబడవద్దని, భోజనానికి ముందు చేతులు గోళ్ళలోంచి రుద్ది కడుక్కోవాలని చెప్పింది. బల్ల మాత్రం వదలక్కర్లేదంది.

రొట్టె మానడం ఒక ఎత్తు, ఆ వేలిని మాన్పించడం ఒక ఎత్తు. బల్ల మీద పింగాణీ గిన్నెలో తడి స్పాంజి పెట్టుకుంది. వేలు స్పాంజి మీదుగా దాటిపోయి నాలుక దగ్గరికే వెళ్ళేది. చూపుడువేలికి గుడ్డ చుట్టింది, మధ్యవేలు ఆ పని అందుకుంది. చేదు మందు పూసుకుంటే రోజంతా మొహం వికారంగా పెట్టుకుని కుట్టవలసి వచ్చింది. చివరికి భర్త, బస్ డిపోలో టికెట్లు లెక్కపెట్టేటప్పుడు వేలికి వేసుకునే రబ్బరు తొడుగు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు పళ్ళెంలోకి చూస్తూ ఊరుకున్నందుకు అది ఆయన చెప్పుకున్న క్షమాపణ. నోట్లోకి పోయినప్పుడల్లా రబ్బరు రుచి తగిలి వేలు సిగ్గుపడి వెనక్కి వచ్చేది. రానురాను దానికే స్పాంజి దారి అలవాటైంది.

పేస్టు సంగతి వదిన తన నెత్తిన వేసుకుంది. బియ్యప్పిండితో చేస్తే పోలేదా అంది. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. బియ్యం పేస్టు పెళుసుగా ఎండుతుందని, వెన్ను విరిచి తెరిస్తే పగిలిపోతుందని, తన తండ్రి ఎప్పుడో చేసి చూశాడని అన్నాడు. "మీ నాన్నగారికి వంట వచ్చా?" అని అడిగింది వదిన. రాదని ఒప్పుకోవలసి వచ్చింది.

ఆవిడ వండి తెచ్చిన మొదటి పేస్టు ఉండలు కట్టింది. రెండోది నిజంగానే పగిలింది. మేస్త్రిగారు మీసం కింద నవ్వు దాచలేకపోయాడు. వదినకు పంతం వచ్చింది. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, వెన్నలా రుబ్బి, సన్నటి సెగ మీద తిప్పుతూ తిప్పుతూ, అద్దంలా మెరిసేదాకా ఉడికించి, పలచటి గుడ్డలోంచి వడగట్టి తెచ్చింది. దాంతో రెండు కాగితం పట్టీలు అతికించి ఎండబెట్టారు. మర్నాడు మేస్త్రిగారు చెరో చివరా పట్టుకుని లాగాడు. కాగితం చిరిగింది. అతుకు చెక్కుచెదరలేదు. ఇంకో పట్టీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి చూశాడు. తర్వాత స్టూలు ఎక్కి మైదా డబ్బాను అటక మీద పెట్టి దిగాడు. 

చలికాలం సగంలో చెయ్యి నిలిచింది. ఒక పొద్దున సూదిలో దారం ఎక్కించాక, చూడకుండానే ఎక్కించానన్న సంగతి ఆమెకు తట్టింది.  విప్పి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఎక్కింది. లేచి వెళ్ళి, గల్లా పక్కన గోడకు ఆనించి ఉన్న అట్లాసు మీద గుడ్డ తీసింది.

"ఇది నా బల్ల మీదికి రావాలి," అంది.

మేస్త్రిగారు ఆమె చేతుల వంక చూశాడు. కోత మిషను నడిపే అతన్ని పిలిచి ఇద్దరూ కలిసి మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

పాత బైండర్ వెన్ను నిండా దట్టంగా పూసిన మైదా పేస్టు రాయిలా ఎండి ఉంది. దాన్ని పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, వెన్ను మీద తడి గుడ్డ పరిచి, నానాక మెత్తటి బద్దతో మీగడ తీసినట్టు తీసింది. ఒక్కో పటం మడత వెనకా సన్నటి కాగితం పట్టీ అంటించి, కుట్టు పటం మీద పడకుండా ఆ పట్టీలోకి దించింది. మునిగిపోయిన సముద్రాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి వచ్చాయి. పక్క బల్లల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని దూరంగా నిలబడి చూసేవారు. దగ్గరకు వస్తే వదిన ఊరుకోదు. ఇప్పుడు రోజూ అన్నం డబ్బా ఆవిడే తెస్తుంది. ఎర్ర దారం గరిటె కూడా డబ్బాతో పాటే వస్తుంది. ఇంట్లో దాని జోలికి ఎవరైనా వెళితే ఇప్పుడు అరిచేది సూదక్క కాదు, ఆవిడే. పిసరంత పెడితే ఏమవుతుందని దర్జీ భార్య అన్నందుకు ఆవిడ ఆ మెట్ల మీద నిలబడి పేగు లోపలి నూగు గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది.

ఎండలు ముదిరే వేళకు రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఆసుపత్రి కాగితంలో అంకె, ఉండవలసిన చోటికి దిగింది. నెత్తురు పెరిగింది. మరి ఇక కాస్త రొట్టె తినొచ్చా అని భర్త అలవాటు కొద్దీ అడగబోయాడు, అక్కాతమ్ముళ్ళ కళ్ళు కలిశాయి, నోరు మూసుకున్నాడు. బాగుపడింది మానడం వల్లనే కాబట్టి మానడం ఆపకూడదన్న సంగతి ఇంట్లో ఇప్పుడు గోడలకు కూడా తెలుసు.

రెండోది, గ్రంథాలయాధికారి అట్లాసు చూసుకోవడానికి స్వయంగా వచ్చాడు. షాపంతా ఆ బల్ల చుట్టూ మూగింది. సూదక్క తన చోటులో, కిటికీ పక్కన, చేతులు కట్టుకుని నిలబడింది. మేస్త్రిగారు ఆమే కుట్టిందని చెప్పి పక్కకు జరిగాడు.

అధికారి అట్ట తెరిచాడు. పుస్తకం ఏ బరువూ పెట్టకుండానే చదునుగా పరుచుకుంది. ఒక మహాసముద్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, నడుమ చిన్న ముడత కూడా లేకుండా నీలంగా నిలిచింది.  ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అంత ఆనందంలో, తర్వాతి పటం చూడాలన్న ఆత్రంలో, కుడి చూపుడువేలు పైకెత్తి నాలుక దగ్గరకు తీసుకెళ్ళాడు.

"ఆగండి," అన్నారు షాపులో అందరూ ఒక్కసారిగా.

ఆయన వేలు గాల్లో నిలిచిపోయింది. సూదక్క పింగాణీ గిన్నెను మెల్లగా ఆయన ముందుకు జరిపింది.